పవర్ టూల్ కొనేముందు అది ఎలా ఆగుతుందో చూడండి

ఒడిశాలోని పర్లాకిమిడిలో నాది మోటారు వైండింగ్ షాపు. నీళ్ల మోటార్లతో మొదలుపెట్టాను. ఇప్పుడు నా బల్ల మీదికి వచ్చేవాటిలో ఎక్కువ ఇనుము కోసే గ్రైండర్లు, రాయి కోసే మార్బుల్ కట్టర్లు, డ్రిల్లులే. కాశీనగరం, గుణుపురం వైపు నుంచి వస్తారు, ఇటు పాతపట్నం, మెళియాపుట్టి నుంచీ వస్తారు. రిపేరు చేసి చేతికిచ్చేటప్పుడు చాలామంది అడిగేది ఒకటే: "ఈసారి కొత్తది కొనాలంటే ఏ కంపెనీది తీసుకోమంటావు మావయ్యా?"

కంపెనీ సంగతి తర్వాత చూద్దాం అంటాను. పేరున్న నాలుగైదింటిలో ఏది కొన్నా మోటారు బాగానే ఉంటుంది. ఎన్ని వాట్లు, నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుంది అని అందరూ చూస్తారు. నేను చూడమనేది వేరు. బ్లేడు ఇరుక్కుంటే ఆ మిషను ఏం చేస్తుంది? చెయ్యి జారితే ఆగుతుందా? కరెంటు పోయి మళ్లీ వస్తే తనంతట తనే తిరగడం మొదలుపెడుతుందా?

ఈ మూడో ప్రశ్న నాకు ఒక కుర్రాడి వల్ల పట్టుకుంది. మా ఎదుటి షెడ్డులో గ్రిల్స్ పని నేర్చుకుంటుండేవాడు. పైపు కోస్తుండగా కరెంటు పోయింది. స్విచ్ ముందుకు తోసి ఉండగానే గ్రైండర్‌ను నేల మీద పెట్టి టీకి వెళ్లాడు. తిరిగి వచ్చి దాని పక్కనే చతికిలబడి మాట్లాడుతుంటే కరెంటు వచ్చింది. గ్రైండర్ నేల మీద గెంతుతూ వెళ్లి అతని పాదం మీదికి ఎక్కింది. ఎముక బయటపడింది. మిషను పాడవలేదు, ఏ భాగమూ విరగలేదు. ఎలా చేశారో అలాగే పనిచేసింది. అందుకే కొనేచోటే జాగ్రత్త మొదలవ్వాలని నేను గట్టిగా నమ్ముతాను.

గ్రైండర్: స్లైడ్ స్విచ్చా, ప్యాడిల్ స్విచ్చా

మన ఊళ్లలో అమ్ముడుపోయే నాలుగంగుళాల గ్రైండర్లలో ఎక్కువ వాటికి పక్కనో వెనకో చిన్న స్విచ్ ఉంటుంది. ఒకసారి ముందుకు తోస్తే అక్కడే నిలిచిపోతుంది. రోజంతా పాలిష్ చేసేవాళ్లకు వేలు నొప్పి పుట్టదు, అది నిజం. కానీ చెయ్యి జారి కింద పడినా అది తిరుగుతూనే ఉంటుంది. ప్యాడిల్ స్విచ్ ఉన్నవాటికి పిడి కింద పొడుగాటి మీట ఉంటుంది. దాన్ని నొక్కి పట్టుకున్నంతసేపే తిరుగుతుంది, వదిలితే కరెంటు తెగిపోతుంది. కొన్ని మోడళ్లలో పొరపాటున నొక్కుకోకుండా ముందు ఒక చిన్న నాలుకను తోయాలి.

రెండింటిలో ఏది అంటే, కోసే పని ఎక్కువ ఉన్నవాళ్లకు ప్యాడిల్ స్విచ్చే నా సలహా. గేట్లు, గ్రిల్స్, రాడ్లు, పైపులు కోసేవాళ్లు, నిచ్చెన మీదో సెంట్రింగ్ మీదో నిలబడి పనిచేసేవాళ్లు ఇంకొకటి ఆలోచించక్కర్లేదు. బల్ల మీద పెట్టి వెల్డింగ్ అతుకులు నున్నగా చేసే పనే ఎక్కువైతే స్లైడ్ స్విచ్ కొనుక్కోవచ్చు. అప్పుడు మాత్రం కరెంటు పోయి వచ్చినా తనంతట తిరగని రకం అడగండి. పెట్టె మీద 'రీస్టార్ట్ ప్రొటెక్షన్' అని రాసి ఉంటుంది. కొంచెం ధర ఎక్కువ. మాలాంటి చోట, వానాకాలంలో రోజుకు పదిసార్లు కరెంటు పోయివచ్చే చోట, ఆ ఎక్కువ డబ్బు పెట్టి తీరాలి.

ఇంకా ధర పెట్టగలిగితే బ్రేకు ఉన్నది, బ్లేడు ఇరుక్కోగానే మోటారును ఆపేది కూడా దొరుకుతాయి. మామూలు గ్రైండర్ స్విచ్ ఆపాక కూడా చాలా సెకన్లు తిరుగుతుంది. ఆ సెకన్లలోనే కదా దాన్ని ఒళ్లో పెట్టుకునేది, చొక్కా అంచుకు తగిలించుకునేది.

నాలుగంగుళాలా, ఏడంగుళాలా అన్నది బలం లెక్కతో తేలేది కాదు. నాలుగంగుళాలది నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది. అంటే బ్లేడు అంచు గంటకు 200 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో పోతోందన్నమాట. ఏడంగుళాలది అంత వేగంగా తిరగదు, 8,500 చుట్ల చుట్టుపక్కల ఉంటుంది. కానీ ఇరుక్కుంటే రెండు చేతుల్నీ మెలిపెట్టేస్తుంది. మందపాటి యాంగిల్, రైలు ముక్కలు, పెద్ద పైపులు రోజూ కోసే షాపుకు తప్ప ఏడంగుళాలది అక్కర్లేదు. అలాంటి పనే ఉంటే నేల మీద బిగించి వాడే చాప్ సా ఇంకా మేలు. మనిషి చేతికి బదులు ఇనప బిగింపే ముక్కను పట్టుకుంటుంది.

మా దగ్గర ఒక అలవాటు ఉంది, చూసినప్పుడల్లా నాకు గుండె ఆగినంత పని అవుతుంది. ఏడంగుళాల బ్లేడు అరిగి చిన్నదయ్యాక పారెయ్యడం ఎందుకని దాన్ని నాలుగంగుళాల గ్రైండర్‌కు బిగిస్తారు. గార్డు అడ్డొస్తుంది కాబట్టి గార్డు పీకేస్తారు. ఇందులో మూడు తప్పులున్నాయి. ఏడంగుళాల బ్లేడు కన్నం 22 మిల్లీమీటర్ల పైన, నాలుగంగుళాల దానిది 16. కన్నం వదులై కంటితో మధ్యకు సర్ది బిగిస్తారు, అది ఒకవైపుకు లాగుతూ వణుకుతుంది. రెండోది వేగం. ఏడంగుళాల బ్లేడు మీద 8,500 దాటొద్దని అచ్చేసి ఉంటుంది. అంచు సెకనుకు 80 మీటర్లు దాటకూడదన్న లెక్క మీద వేసిన అంకె అది. అదే బ్లేడు పూర్తి సైజులో ఉండగా 11,000 తిప్పే మిషనుకు పెడితే సెకనుకు 100 మీటర్లు దాటిపోతుంది. మూడోది, బ్లేడు పగిలితే ముక్కలు ముఖానికి రాకుండా ఆపే ఒకే ఒక్క ఇనప రేకును తీసి మూల పారేశాం.

"గార్డు ఉంటే మూలల్లో పని సాగదు మావయ్యా" అంటారు. సాగని చోటు ఉంటుంది, కాదనను. గార్డును తీసెయ్యకుండా తిప్పుకునే మోడల్ కొనండి. ఒక మీట ఎత్తితే గార్డు ఏ వైపుకైనా తిరిగి బిగుసుకుంటుంది, స్క్రూడ్రైవరు కూడా అక్కర్లేదు. పాత రకంలో స్క్రూ విప్పాలి, అందుకే బద్ధకించి పీకేస్తారు. కొనేటప్పుడు కౌంటర్ మీదే గార్డును తిప్పి చూడండి.

బ్లేడుల విషయంలో చవక చూడొద్దు. మధ్య కన్నం చుట్టూ ఉన్న ఇనప రింగు మీద గడువు నెల, సంవత్సరం పొడిచి ఉంటాయి. తయారైన మూడేళ్ల దాకానే అవి నమ్మకం. ఈ బ్లేడులు రెసిన్‌తో అతికినవి, తేమకు ఆ అతుకు బలం తగ్గుతుంది. పాత సరుకు సగం ధరకు ఇస్తున్నారంటే ముందు ఆ రింగు చూడండి. పల్చటి కటింగ్ బ్లేడును అడ్డంగా పెట్టి అరగదీయకండి, పక్కబలం దానికి లేదు. కొత్త బ్లేడు బిగించాక మనుషులు లేని వైపుకు తిప్పి అర నిమిషం ఖాళీగా తిరగనివ్వండి.

బ్లేడు ఇరుక్కోవడానికి చాలాసార్లు కారణం మిషను కాదు, ముక్కను పెట్టిన తీరు. పైపు రెండు చివరలా ఇటుకల మీద పెట్టి మధ్యలో కోస్తే, సగం తెగేసరికి బరువుకు పైపు కుంగి కోత మూసుకుంటుంది. ఆ నోట్లో బ్లేడు చిక్కుకుంటుంది, గ్రైండర్ వెనక్కి ఎగిరి వస్తుంది. తెగి పడాల్సిన ముక్కను గాల్లో ఉండనిచ్చి, ఆనించిన చోటుకు దగ్గరగా కోస్తే కోత తెరుచుకుంటూ పోతుంది. ఇది నేర్చుకోవడానికి పైసా ఖర్చు లేదు.

చెక్క కోయడానికి మార్బుల్ కట్టర్ వద్దు

రాయగడ నుంచి బరంపురం దాకా ఏ ఊళ్లో చూసినా వడ్రంగి చేతిలో మార్బుల్ కట్టర్ ఉంటుంది, దానికి పళ్ల బ్లేడు ఉంటుంది. చవక, తేలిక, టైల్స్‌కూ వస్తుంది చెక్కకూ వస్తుంది. అందుకే అందరూ కొంటారు. చెక్కకు అది వద్దని నేను చెప్పినప్పుడు నా మాట ఎక్కువమందికి నచ్చదు. అయినా చెబుతాను.

ఆ మిషను రాయి కోసం చేసింది. రాతి బ్లేడుకు పళ్లు ఉండవు, డైమండ్ పొడి అంటించిన అంచుతో అరగదీస్తూ పోతుంది. అందుకే వేగం 12,000 చుట్ల పైన పెట్టారు. దానికి పళ్ల బ్లేడు వేస్తే ఒక ముడి తగిలినా, మేకు తగిలినా పన్ను పట్టుకుంటుంది. గార్డు పై సగానికే ఉంటుంది, కింద సగం ఎప్పుడూ బయటే. చాలావాటికి స్విచ్ నొక్కి పక్క బటన్‌తో లాక్ చేసే వీలుంది, లాక్ అయ్యాక వదిలినా ఆగదు. చెక్కలోంచి బయటకు వచ్చిన బ్లేడు తొడ వైపు వస్తుంది.

సర్క్యులర్ సా వేరు. ఏడుంబావు అంగుళాల బ్లేడు, నిమిషానికి 5,000 పైచిలుకు చుట్లు. కింద స్ప్రింగుతో నడిచే గార్డు ఉంటుంది. చెక్కలోకి దిగేటప్పుడు వెనక్కి జరిగి, బయటకు రాగానే టక్కున మూసుకుంటుంది. ముందు ఒక బటన్ నొక్కితే తప్ప స్విచ్ పడదు, వదిలితే ఆగుతుంది. బరువు ఎక్కువ, ధర కూడా ఎక్కువే. రోజూ ప్లైవుడ్, టేకు పలకలు నిలువుగా చీల్చే మేస్త్రికి ఇదే సరైనది. ఆ కింది గార్డుకు తాడు కట్టో, చెక్కముక్క దోపో తెరిచి ఉంచితే మాత్రం మళ్లీ మార్బుల్ కట్టర్ పట్టుకున్నట్టే.

ఇంట్లో అప్పుడప్పుడు ఒక అర, ఒక స్టూలు చేసుకునేవాళ్లకు రెండూ వద్దు. జిగ్‌సా కొనండి. నెమ్మదిగా కోస్తుంది, గీత అంత నిటారుగా రాదు, కానీ కిందికి పైకి ఆడే చిన్న బ్లేడు కాబట్టి వెనక్కి తన్నే బలం చాలా తక్కువ. లేదంటే మంచి చేతి రంపం. పదును పెట్టిన రంపంతో 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ఎనిమిదడుగులు కోయడం కష్టమే గాని అసాధ్యం కాదు.

మార్బుల్ కట్టర్‌ను టైల్స్‌కు, గ్రానైట్‌కు వాడండి. నీళ్లు పోస్తూ కోయండి. పొడిగా కోస్తే లేచే తెల్ల దుమ్ములో సిలికా ఉంటుంది. ఊపిరితిత్తుల్లో చేరితే తిరిగి రాదు, మచ్చలు కట్టి ఊపిరి కురచ చేస్తుంది. మూతికి తువ్వాలు చుట్టుకోవడం దానికి సరిపోదు, ఎన్95 మాస్కు కావాలి. మా ఊళ్లో పశువుల కొమ్ములతో బొమ్మలు చేసేవాళ్లకు కూడా ఇదే చెబుతుంటాను. పర్లాకిమిడి కొమ్ము బొమ్మలను దేశమంతా మెచ్చుకుంటారు, కానీ ఆ కొంగ బొమ్మ మెడను నున్నగా చేసేటప్పుడు బఫింగ్ చక్రం దగ్గర లేచే సన్నటి పొడి చేసేవాడి ముక్కులోకే పోతుంది.

నీళ్లు, కరెంటు ఒకచోట చేరాయి కాబట్టి తర్వాతి మాట తప్పదు.

వైరుదా, బ్యాటరీదా

వైరుతో నడిచేది కొనాలంటే ముందు మీ ఇంటి బోర్డులో ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే తెంపేసే స్విచ్, ఉందో లేదో చూడండి. లోడు ఎక్కువైతే పడిపోయే ఎంసీబీ ఉంది చాలు అనుకుంటారు. ఎంసీబీ వైరును కాపాడుతుంది, మనిషిని కాదు. 16 ఆంపియర్ల ఎంసీబీ పడాలంటే 16,000 మిల్లీ ఆంపియర్లు దాటాలి. మనిషి గుండె లయ తప్పడానికి అందులో వందో వంతు కూడా చాలు. ఆర్‌సీసీబీ వెళ్లిన కరెంటుకూ తిరిగి వచ్చిన కరెంటుకూ తేడా చూస్తుంది. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే కన్ను మూసి తెరిచేలోపు తెంపేస్తుంది. షాపులో 100, 300 మిల్లీ ఆంపియర్లవి కూడా పెడతారు, అవి మనిషి కోసం కాదు. 30 అని అడిగి తీసుకోండి. నెలకోసారి దాని మీద ఉన్న టెస్ట్ బటన్ నొక్కి పడుతుందో లేదో చూడండి. డబ్బు ఒకదానికే సరిపోతే కొత్త గ్రైండర్ ఆపి ఇదే పెట్టించమంటాను.

ఇప్పటి డ్రిల్లులు, గ్రైండర్లకు ఎక్కువగా రెండు పిన్నుల ప్లగ్గే వస్తుంది. మిషను మీద ఒక చతురస్రంలో ఇంకో చతురస్రం గుర్తు ఉంటే లోపల రెండు పొరల ఇన్సులేషన్ ఉందని అర్థం, దానికి ఎర్తు అక్కర్లేదు. ఆ గుర్తు లేకుండా ఇనప ఒంటితో ఉన్న పాత మిషనుకు, బెంచ్ గ్రైండర్‌కు మూడు పిన్నులు, నిజంగా పనిచేసే ఎర్తు ఉండాల్సిందే. మూడో పిన్ను విరిచి రెండు పిన్నుల సాకెట్లో దూర్చిన ప్లగ్గులు నా దగ్గరికి ఎన్నో వస్తాయి. వాటిని మార్చకుండా మిషను తిరిగి ఇవ్వను. తిట్టినా సరే.

ఎక్స్‌టెన్షన్ వైరు గురించి కాస్త లెక్క చెబుతాను, ఎందుకంటే ఆర్మేచర్లు (మోటారు లోపల తిరిగే భాగం) కాలేది ఎక్కువగా దీనివల్లే. 2,000 వాట్ల పెద్ద గ్రైండర్ 9 ఆంపియర్ల దాకా లాగుతుంది. 0.75 చదరపు మిల్లీమీటర్ల సన్న వైరును 30 మీటర్లు లాగితే దారిలోనే 12 వోల్టులు పోతాయి. అసలే ఊరి చివర 230 బదులు 190 వస్తుంటే మిషనుకు అందేది 180. మోటారు నెమ్మదిస్తుంది, దాని వెనక ఉన్న చల్లబరిచే ఫ్యానూ నెమ్మదిస్తుంది. పని కావడం లేదని మనిషి ఇంకా బలంగా నొక్కుతాడు. ఆర్మేచర్ కమురు వాసన అప్పుడే వస్తుంది. పోయిన ఆ 12 వోల్టులు వైరులో వేడి అవుతాయి, వంద వాట్లకు పైగా. వైరు చుట్ట విప్పకుండా వాడితే ఆ వేడంతా చుట్టలోనే ఉండిపోయి పైతొడుగు కరుగుతుంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, ఐఎస్ఐ గుర్తున్నది తీసుకుంటే నష్టం నాలుగు వోల్టుల లోపే. చుట్టను పూర్తిగా విప్పి వాడండి.

బ్యాటరీ మిషన్లకు ఈ తలనొప్పులు లేవు. నిచ్చెన మీద, పొలంలో, ఇంకా కరెంటు రాని కొత్త ఇంట్లో అవే సుఖం. షాకు భయం లేదు, కాళ్లకు వైరు అడ్డపడదు. అయితే అంచనా తప్పకండి. 18 వోల్టులు, 4 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో ఉండేది 72 వాట్ అవర్లు. గ్రైండర్ బలంగా కోస్తూ 700 వాట్లు లాగితే ఆరు నిమిషాలకు ఖాళీ. అదే బ్యాటరీ స్క్రూలు బిగించే డ్రిల్లుకు చాలాసేపు వస్తుంది. అందుకే నేను చెప్పే దారి ఇది: డ్రిల్లు బ్యాటరీది, గ్రైండర్ వైరుది. రోజంతా రెండు బ్యాటరీలు మార్చి మార్చి చార్జి చేసుకునే వీలున్నవాళ్లు గ్రైండర్ కూడా బ్యాటరీది తీసుకోవచ్చు.

ఒక కంపెనీ 18 అని, ఇంకొకటి 20 అని రాస్తే ఇరవైది బలమైనదని మోసపోకండి. రెండింట్లోనూ అయిదు సెల్లులే. పూర్తిగా చార్జి అయినప్పటి అంకెను ఒకరు వేస్తారు, మామూలు అంకెను ఇంకొకరు వేస్తారు. ఆన్‌లైన్‌లో మూడో వంతు ధరకు దొరికే పేరు లేని బ్యాటరీలు కొనొద్దు, వేడెక్కితే ఆపే సర్క్యూట్ లోపల ఉందో లేదో ఎవరూ చెప్పలేరు. ఎండాకాలం రేకుల షెడ్డులో చార్జింగు పెట్టకండి. లిథియం బ్యాటరీకి 45 డిగ్రీలు దాటిన చోటు పనికిరాదు.

బ్యాటరీ మిషనుతో వచ్చే ప్రమాదం ఒకటుంది, దాన్ని ఎవరూ ప్రమాదం అనుకోరు. వైరుదైతే ప్లగ్గు తీశామా లేదా కంటికి కనబడుతుంది. బ్యాటరీది ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. బ్లేడు మార్చేముందు, సంచిలో పెట్టేముందు, ఇంట్లో పిల్లలున్నచోట బల్ల మీద ఉంచేముందు బ్యాటరీ ఊడదీయండి.

తుపాను తర్వాత కొనే చెయిన్ సా

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ గాలీ వానా మా గజపతి జిల్లా కొండలను కూడా అతలాకుతలం చేశాయి. రోడ్ల మీద చింతలు, మామిళ్లు, పనసలు అడ్డంగా పడ్డాయి. ఆ తర్వాత చెట్లు కోసే గొలుసు రంపం, చెయిన్ సా, ఇంటింటి వస్తువయింది. అంతకు ముందు దాన్ని చేత్తో పట్టి ఎరగనివాళ్లు కూడా కొన్నారు.

మూడు రకాల్లో తేడా ఇదీ. కరెంటుతో నడిచేది చవక, చప్పుడు తక్కువ, కానీ తుపాను రోజున స్తంభాలే పడిపోతే అది పెట్టెలోనే ఉంటుంది. ఒంటి చేత్తో పట్టే ఆరంగుళాల బ్యాటరీ రంపం కొమ్మలకు బాగుంటుంది, ఒంటిచేత్తో పట్టొచ్చు కదా అని రెండో చేత్తో కొమ్మ పట్టుకునే గుణమే దాని ముప్పు. పెట్రోలుది నిజమైన పనికి వస్తుంది, కానీ ఈ మొత్తం వ్యాసంలో చెప్పిన మిషన్లలో అన్నిటికంటే ప్రమాదకరమైనది అదే. నా మనసులో మాట చెప్పమంటే, ఇంటికొకటి వద్దు. వీధికో ఊరికో ఒక పెట్రోలు రంపం, దాన్ని వాడడం నేర్చుకున్న ఇద్దరు మనుషులు చాలు.

కొనేటప్పుడు 22 అంగుళాల బార్ (గొలుసు తిరిగే పట్టీ) చూసి మురిసిపోకండి, 16 అంగుళాలది ఎంతో అదుపులో ఉంటుంది. పై పిడి ముందు ఉండే చెయిన్ బ్రేకును ముందుకు తోసి చూడండి, టక్కుమని గొలుసు బిగుసుకోవాలి. బార్ కొసలో పై భాగం ఏ కొమ్మకో తగిలిందా, రంపం మొత్తం మొహం మీదికి లేస్తుంది. అప్పుడు ఎడమ చెయ్యి మణికట్టు తగిలి ఆ బ్రేకు పడాలి, అందుకే ఎడమ బొటనవేలు పిడి కిందనుంచి చుట్టి పట్టుకోవాలి. భుజం ఎత్తు దాటి ఎప్పుడూ కోయొద్దు. నిచ్చెన మీద అసలే వద్దు.

పడిన చెట్టు నిలబడిన చెట్టు లాంటిది కాదు. వంగి ఉన్న మానులో ఒక పక్క నొక్కుకుని, ఇంకో పక్క సాగి ఉంటుంది. సాగిన పక్కను ముందు కోస్తే విల్లులా విదిలించి కొడుతుంది. నొక్కుకున్న పక్క కొద్దిగా కోసి, తర్వాత సాగిన పక్కకు రావాలి. చెట్టు కరెంటు వైరు మీద పడితే ముట్టుకోవద్దు. లైను లేదు కదా అనకండి, ఎవరింట్లోనో జనరేటర్ నడుస్తుంటే ఆ వైరులోకి కరెంటు రావచ్చు. లైన్‌మన్ వచ్చి లైను ఎర్తు చేశాకే రంపం ఎత్తండి.

ఇద్దరు ముగ్గురు కలిసి కోసేటప్పుడు ఆపమనడానికి ఒకే మాట అనుకోండి. మాలో ఒకరు తెలుగు, ఒకరు ఒడియా, కొండ మీది నుంచి వచ్చినవాళ్లు సవర. "బంద్" అంటే అందరికీ తెలుసు. రంపం చప్పుళ్లో అది కూడా వినబడదు కాబట్టి చెయ్యి పైకెత్తడం గుర్తు పెట్టుకోండి.

ఇంధనం మిషను పుస్తకంలో ఎంత కలపమంటే అంతే: 50కి 1 అంటే లీటరుకు 20 మిల్లీలీటర్ల టూ స్ట్రోక్ ఆయిలు, 25కి 1 అంటే 40. గొలుసుకు పోసే ఆయిలుకు బదులు బండిలోంచి తీసిన నల్లటి పాత ఆయిలు పోస్తారు, బార్ గాడి అరిగిపోతుంది. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ ఉంది, నెలల తరబడి ట్యాంకులో వదిలేస్తే తేమ పట్టి కార్బురేటర్ జిగురెక్కుతుంది. వచ్చే అక్టోబరు దాకా పక్కన పెట్టేదైతే ట్యాంకు ఖాళీ చేసి, దానంతట అది ఆగేదాకా నడిపి ఆపండి.

డ్రిల్లు సంగతి చిన్నది

గోడకు కన్నాలు, స్క్రూలు అయితే మామూలు 13 మిల్లీమీటర్ల హ్యామర్ డ్రిల్ సరిపోతుంది. శ్లాబుకు, బీముకు కన్నాలు ఎక్కువైతే రోటరీ హ్యామర్ కొనండి, క్లచ్ ఉన్నదే. లోపల రాడ్డుకు బిట్ పట్టుకుంటే క్లచ్ జారుతుంది. క్లచ్ లేనిది మణికట్టును తిప్పేస్తుంది. డ్రిల్లు దగ్గర గుడ్డ గ్లౌజులు వద్దు, చేతికి కట్టిన గుడి దారాలు, వేలాడే తువ్వాలు వద్దు. బెంచ్ గ్రైండర్ దగ్గర అసలే వద్దు. పనిముట్టును ఆనించి పట్టుకునే దాని రేకు రాయికి 3 మిల్లీమీటర్లకు మించి దూరంగా ఉండకూడదు, రాయి అరిగేకొద్దీ దగ్గరకు జరుపుతుండాలి. లేకపోతే ఆ సందులోకి ఉలి, దానితో పాటు వేలు లాక్కుపోతుంది.

నా దగ్గరికి తక్కువ రావాలంటే

ఇనుము కోసే గ్రైండర్ లోపల నల్లటి పొడి పేరుకుంటుంది. అది ఇనుము, కరెంటును మోస్తుంది. రెండు పొరల ఇన్సులేషన్ ఉన్న మిషను కూడా షాకు కొట్టడానికి ఇదే కారణం. వారానికోసారి ప్లగ్గు తీసి, కళ్లద్దాలు పెట్టుకుని గాలి కొట్టండి. కార్బన్ బ్రష్‌లు 5, 6 మిల్లీమీటర్లకు అరిగాయంటే రెండూ ఒకేసారి మార్చండి. లోపల నీలం మెరుపు చుట్టూ తిరుగుతూ కనబడితే ఆపేయండి, ఆ రోజు నూరో రెండు వందలో అయ్యే పని వారం ఆగితే ఆర్మేచర్ దాకా పోతుంది. వైరు పిడిలోకి వెళ్లే మెడ దగ్గర చిట్లితే టేపు చుట్టకండి. ఆ ముక్క కోసి లోపలినుంచి కొత్తగా బిగించాలి. వాన తడిసిన మిషనును ఎండలో పెట్టి బాగానే ఉందనుకోవద్దు, తెచ్చి మెగ్గర్ (ఇన్సులేషన్ బాగుందో లేదో చూసే మీటరు) పెట్టించుకోండి. అయిదు నిమిషాల పని, నేను దానికి డబ్బు తీసుకోను.

పాతది కొంటున్నారా? ప్లగ్గు పెట్టకుండా ముందు చేత్తో బ్లేడు బిగించే కదురును పైకీ కిందకీ ఆడించండి, కదిలితే బేరింగ్ పోయింది. తర్వాత గార్డు, పక్క పిడి, బ్లేడు బిగించే తాళం అడగండి. "అవి ఎక్కడో ఉన్నాయిలే" అంటే, అవి లేకుండానే ఇన్నాళ్లూ వాడారన్నమాట. వాటి ఖరీదు ధరలో తగ్గించమనడం కాదు, గార్డు దొరకని మోడల్ అయితే అసలు కొనకండి.

కళ్లకు మామూలు చూపు అద్దాలు చాలవు, పక్కలనుంచి కూడా మూసుకునే అద్దాలు కావాలి. కోసే పనికి పైన పూర్తి ముఖం కప్పే షీల్డు. గ్రైండర్ చప్పుడు 90 డెసిబెల్స్ పైనే ఉంటుంది, చెవులకు ప్లగ్గులు పది రూపాయలకూ దొరుకుతాయి.

ఇంత చేసినా వేలు తెగితే, గాయాన్ని శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి చెయ్యి గుండె కంటే ఎత్తులో పట్టుకుని 108కి ఫోన్ చేయండి. ఇటు ఒడిశాలోనూ అటు ఆంధ్రలోనూ అదే నంబరు. తెగిన ముక్కను తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో మూసి, ఆ సంచిని ఐసు ముక్కల మీద పెట్టండి. ఐసు నేరుగా తగిలితే ముక్క చచ్చిపోతుంది. పసుపు, కాఫీ పొడి అద్దకండి. బరంపురం ఎంకేసీజీ ఆసుపత్రి మా ఊరికి నూరు కిలోమీటర్ల పైనే, కాబట్టి ఆ సంచి సిద్ధం చేసేది ఆసుపత్రివాళ్లు కాదు, షెడ్డులో మీ పక్కనున్న మనిషే. అతనికి ఈ సంగతి ఈరోజే చెప్పి ఉంచండి.